సత్యభామ వేషంలో నలభై ఏళ్ళు: స్థానం నరసింహారావు గారి తులాభారం



తులాభారం కథ మనందరికీ తెలిసిందే. కృష్ణుణ్ణి తక్కెడలో కూర్చోబెట్టి సత్యభామ తన నగలన్నీ పోసింది, తూగలేదు, రుక్మిణమ్మ ఒక్క తులసీదళం వేస్తే తూగింది. మొన్న వీడియోలో ఈ కథ చెప్పుకున్నాం. అయితే కృష్ణా, గుంటూరు జిల్లాల్లో డెబ్భై ఎనభై ఏళ్ళు దాటిన వాళ్ళని ఎవరినైనా ఈ కథ అడిగి చూడండి. వాళ్ళు పురాణం దగ్గర మొదలుపెట్టరు. నాటకం దగ్గర మొదలుపెడతారు. కృష్ణుడి పేరు కంటే ముందు స్థానం వారి పేరు వస్తుంది. మా అమ్మమ్మ అయితే సత్యభామ ఎలా కూర్చునేదో, ఎలా మూతి తిప్పేదో చేసి చూపించేది. ఆవిడ చూపించే సత్యభామ ఒక మగాయన అని నాకు చాలా ఏళ్ళకు గానీ తెలియలేదు.

ఆ మగాయనే స్థానం నరసింహారావు గారు. ఇవాళ ఆయన గురించి చెప్పుకుందాం.

ఆయన 1902లో బాపట్లలో పుట్టారు. బాపట్ల అంటే భావనారాయణ స్వామి ఊరు కదండీ. అటు సముద్రం దగ్గర, ఇటు కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలు, మధ్యలో మద్రాసు నుంచి బెజవాడ పోయే రైలు లైను. ఆ రోజుల్లో ఆ లైను పొడుగునా ఉన్న ఊళ్ళన్నిటికీ నాటకాల పిచ్చి పట్టుకుంది. పిచ్చి అనే అనాలి, వేరే మాట లేదు. 1880ల్లో ధార్వాడ నాటక సమాజం వాళ్ళు ఆంధ్రదేశం వచ్చి ఆడి వెళ్ళాక మనవాళ్ళకు ఆ రుచి తగిలింది. హార్మోనియం వచ్చింది, రంగురంగుల తెరలు వచ్చాయి, తిక్కన పద్యాల మీద ఉన్న ప్రేమ ఎటూ ఉండనే ఉంది. అవన్నీ కలిసి పద్యనాటకం అయింది. ప్లీడర్లు, బడిపంతుళ్ళు, కచేరీ గుమాస్తాలు, చదువు మధ్యలో మానేసిన కుర్రాళ్ళు, అందరూ సమాజాలు పెట్టుకుని ఆడేవాళ్ళు.

ఆడవాళ్ళు మాత్రం లేరు. సురభి వాళ్ళది కుటుంబ సమాజం కాబట్టి వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు వేషాలు కట్టేవాళ్ళు. మిగతా సమాజాల్లో చాలాచోట్ల ఆడవేషం మగవాళ్ళే వేయాలి. వేషం వేసినవాడికి పొద్దున్నే బజార్లో ఎంత గౌరవం ఉండేదో ఊహించుకోండి. రాత్రి చప్పట్లు కొట్టినవాళ్ళే పగలు ఎగతాళి చేస్తారు. అందుకని రాజు వేషానికి పదిమంది ముందుకొస్తే రాణి వేషానికి ఒక్కణ్ణి బతిమాలి తెచ్చుకోవాల్సిన పరిస్థితి.

1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం పెట్టారు. చంద్రమతి వేషం వేయాల్సిన ఆయన రాలేదు. జనం వచ్చేశారు, దీపాలు వెలిగించారు, చంద్రమతి లేకుండా హరిశ్చంద్ర ఎట్లా ఆడతారు? అప్పుడు పద్దెనిమిదేళ్ళ నరసింహారావు గారిని ఆ వేషానికి నిలబెట్టారు. కొరత తీర్చడానికి కట్టిన వేషం అది. నటుడు అవుదామని ప్లాను వేసుకుని వచ్చిన మనిషి కాదు. ఆ రాత్రి కట్టిన చీర నలభై ఏళ్ళ పైచిలుకు ఆయన్ని వదల్లేదు.

అక్కణ్ణుంచి ఆయన జీవితంలో పెద్ద మలుపు తెనాలి. తెనాలిలో శ్రీరామ విలాస సభ అని నాటక సమాజం ఉండేది. ఆంధ్రా ప్యారిస్ అని తెనాలికి పేరు ఊరికే రాలేదు. మాధవపెద్ది వెంకటరామయ్య గారు ఆ సభలోనే ఆడారు. దుర్యోధనుడైనా కీచకుడైనా ఆయన రంగం మీదికి వస్తే ముందు వరసలో పిల్లలు జడుసుకునేవాళ్ళట. తర్వాత సినిమాల్లో పేరు తెచ్చుకున్న గోవిందరాజుల సుబ్బారావు గారు కూడా ఆ తెనాలి నాటకాల నుంచి వచ్చినవారే. ఇలాంటి మహానుభావుల పక్కన నిలబడాలంటే ఆడవేషగాడు ఊరికే చీర కట్టుకుని సిగ్గుపడుతూ నిలబడితే చాలదు. పక్కన దుర్యోధనుడు గర్జిస్తుంటే ద్రౌపది కూడా అంత ఎత్తున ఉండాలి కదా.

అక్కడే నరసింహారావు గారు అసలు పని పట్టుకున్నారు. ఆడమనిషిని అనుకరించడం ఒకటి, ఒక ఫలానా ఆడమనిషిగా మారడం ఇంకొకటి. చిత్రాంగి వేరు, చంద్రమతి వేరు. కన్యాశుల్కంలో మధురవాణి వేరు, విప్రనారాయణలో దేవదేవి వేరు. ఇద్దరూ వేశ్యలే అయినా ఒకరి నడక ఇంకొకరికి ఉండదు. చీర కట్టు మారాలి, జడ మారాలి, పమిట సర్దుకునే తీరు మారాలి, నవ్వు మారాలి. ఆయన ఇవన్నీ పాత్రకు ఒక్కటిగా వేరువేరుగా కూర్చుకున్నారు. నాటకాలకు వచ్చిన గృహిణులు ఆయన చీర కట్టు చూసి నేర్చుకుని వెళ్ళేవాళ్ళని పాతతరం వాళ్ళు ఇప్పటికీ చెబుతారు. మగాయన దగ్గర ఆడవాళ్ళు చీర కట్టడం నేర్చుకోవడం! నవ్వొస్తుంది గానీ, ఎంత శ్రద్ధ ఉంటే అది సాధ్యమవుతుందో ఒక్క నిమిషం ఆలోచించండి.

ఇక తులాభారం దగ్గరికి వద్దాం.

శ్రీకృష్ణ తులాభారం నాటకం రాసినవారు ముత్తరాజు సుబ్బారావు గారు. కథకు మూలం పారిజాతం గొడవ. నారదుడు స్వర్గం నుంచి పారిజాతం తెచ్చి కృష్ణుడికిస్తే, కృష్ణుడు దాన్ని రుక్మిణికి ఇచ్చాడు. సత్యభామకు కోపం వచ్చింది. మన నంది తిమ్మన గారు శ్రీకృష్ణదేవరాయల కాలంలోనే పారిజాతాపహరణం కావ్యంలో ఈ అలకని అందరికీ కళ్ళకు కట్టినట్టు రాశారు. ఆ తర్వాత నారదుడు పుణ్యక వ్రతం చేయమని సత్యకు ఎక్కిస్తాడు. వ్రతంలో భర్తను దానం ఇవ్వాలి, తిరిగి ధనం ఇచ్చి విడిపించుకోవాలి. సత్రాజిత్తు కూతురికి ధనానికి లోటేమిటి? శమంతకమణి రోజుకు ఎనిమిది బారువుల బంగారం ఇస్తుందాయె. ఆ ధీమాతోనే కృష్ణుణ్ణి దానం ఇచ్చేస్తుంది. ఆ ధీమా తక్కెడలో ఎట్లా దిగిపోయిందో అదే నాటకం.

ఇక్కడ ఒక సంగతి గమనించాలండి. ఈ కథని మాటలతో చెబితే సత్యభామ గర్విష్ఠి, రుక్మిణి భక్తురాలు, అయిపోయింది. వినేవాళ్ళు రుక్మిణి పక్షం. కానీ నాటకం రాత్రంతా సాగుతుంది. పది గంటలకు తెర తీస్తే మంగళం పాడేసరికి తెల్లవారుతుంది. అంతసేపు జనం చూసేది సత్యభామనే. ఆవిడ ఉత్త గయ్యాళి అయితే అర్ధరాత్రికే జనం చాపలు దులుపుకుని ఇంటికి పోతారు. ఆవిడ మీద ప్రేమ పుట్టాలి, ఆవిడ గర్వం చూసి ముచ్చట వేయాలి, చివర్లో తక్కెడ దగ్గర ఆవిడ కుప్పకూలినప్పుడు మన గుండె కలుక్కుమనాలి. అప్పుడు గదా తులసీదళం విలువ తెలిసేది. సత్య ఓడిపోతే మనమే ఓడిపోయినట్టు ఉండాలి. నా మటుకు నాకు నరసింహారావు గారు సాధించిన పెద్ద పని ఇదే అనిపిస్తుంది. ఆయన చేతిలో తులాభారం సత్యభామ నాటకం అయింది.

ఎట్లా అయింది అంటే, ఉన్న నాటకాన్ని ఉన్నట్టుగా ఆడలేదు కాబట్టి. పద్యనాటకాలన్నీ అంతే. కవిగారు రాసిన ప్రతి ఒకటి, రంగం మీద ఆడే ప్రతి ఒకటి. ఊరూరూ తిరుగుతున్న కొద్దీ ఎక్కడ జనం చప్పట్లు కొట్టారు, ఎక్కడ ఆవలించారు చూసుకుని కొత్త పాటలు చేరుస్తారు, పాతవి తీసేస్తారు. తులాభారంలోకి ఖమ్మం ప్రాంతపు చందాల కేశవదాసు గారి పాటలు వచ్చి చేరాయి. నారదుడు కృష్ణుణ్ణి నడివీధిలో నిలబెట్టి సరుకు అమ్మినట్టు అమ్మకానికి పెట్టే పాట ఉంది చూడండి, అది కేశవదాసు గారిదే. మన తెలుగు టాకీలకు మొట్టమొదట పాటలు రాసింది కూడా ఆయనే. జగన్నాథుణ్ణి బజార్లో బేరం పెట్టడం అనే ఆ ఊహలో ఎంత వేదాంతం ఉందో, అంత నవ్వు కూడా ఉంది.

సత్యభామ పాటల్లో అన్నిటికంటే పేరు తెచ్చుకున్నది మీరజాలగలడా. ఇది నాటకకర్త రాసింది కాదు. నరసింహారావు గారు తన పాత్రకు తానే రాసుకున్న పాట. నా మాట కృష్ణుడు జవదాటగలడా అని సత్యభామ తనలో తాను మురిసిపోయే సందర్భం. పాట చిన్నది. అయితే ఆయన దాన్ని చిన్నగా పాడి వదిలేవారు కాదు. ఒకే మాటని పట్టుకుని ఒకసారి గర్వంగా, ఒకసారి సరసంగా, ఒకసారి కాస్త అనుమానంగా, ఒకసారి అద్దంలో తనని తాను చూసుకుంటున్నట్టుగా, ఇలా ఎన్ని రకాలుగా చూపించొచ్చో అన్ని రకాలుగా అభినయించేవారు. జనం వన్స్ మోర్ అంటే మళ్ళీ పాడేవారు, మళ్ళీ పాడినప్పుడు ముందు చూపించిందే చూపించకూడదు కదా. ఆ పాట కోసమే నాటకానికి వచ్చి, అది అయ్యాక నిద్రకు ఒరిగి, మళ్ళీ తులాభారం సీనుకు లేచేవాళ్ళు కూడా ఉండేవాళ్ళట.

భామాకలాపం చూసినవాళ్ళకు ఇక్కడ ఒక పోలిక తడుతుంది. బెజవాడ నుంచి బందరు వైపు వెళితే మొవ్వ పక్కన కూచిపూడి. సిద్ధేంద్రయోగి గారు సత్యభామ కలాపం కట్టి అక్కడి మగవాళ్ళకు ఇచ్చారు. భగవంతుడి ముందు జీవులందరూ స్త్రీలే అనే భావనతో ఆ ఊరి మగపిల్లలు తరతరాలుగా సత్యభామ వేషం కట్టారు. తెర మీదుగా జడ బయటికి వేసి, ఈ జడకు సాటి ఎవరైనా ఉంటే రమ్మని సవాలు చేసేది ఆ సత్యభామే. నరసింహారావు గారిది కూచిపూడి నాట్యం కాదు, ఆయనది నాటకం. దారి వేరు. కానీ అదే కృష్ణానది నీళ్ళు తాగే నేల, అదే సత్యభామ, అదే మగవాడు ఆడదిగా మారి పరమాత్మను నాది అనడం. తులాభారం చూసే జనానికి ఇది కొత్త కాదు, వాళ్ళ తాతలు వీధిభాగవతంలో చూసినదే. అందుకే మీసాలు తీసేసిన మనిషిని సత్యభామ అని వాళ్ళు చప్పున ఒప్పుకోగలిగారు. వేరే దేశాల్లోనూ ఉంది ఇది. మరాఠీ వాళ్ళకు బాలగంధర్వ, చైనా వాళ్ళకు మెయ్ లాన్‌ఫాంగ్. ఆ కాలానికే చెందిన మహానటులు వాళ్ళు కూడా. మనకు స్థానం వారు.

ఊళ్ళు తిరగడం సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. ఇప్పుడు నాటకం అంటే కారులో వెళ్ళి, మైకు పెట్టుకుని, రెండు గంటలు ఆడి వచ్చేయడం. అప్పుడలా కాదు. డెల్టాలో సార్వా పంట ఇంటికి వచ్చి, సంక్రాంతి వెళ్ళాక చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. అప్పుడే తిరునాళ్ళు, శివరాత్రి, శ్రీరామనవమి పందిళ్ళు. నాటకాలకు అదే సీజను. తెనాలి నుంచి రేపల్లె వైపు రైలుంది, బెజవాడ వైపు రైలుంది. రైలు లేని ఊళ్ళకు కాలువల మీద పడవలు, ఆ తర్వాత ఎడ్లబళ్ళు. తెరలు చుట్టిన వెదురుబొంగులు, కిరీటాల పెట్టెలు, హార్మోనియం పెట్టె, చీరల ట్రంకులు, వాటితోపాటు తక్కెడ. తులాభారం ఆడే సమాజానికి తక్కెడ తప్పదు మరి. మనిషిని కూర్చోబెట్టేంత తక్కెడ కావాలి, తులసీదళం వేయగానే సరిగ్గా ఆ క్షణానికి సిబ్బి లేవాలి. ఒక్క క్షణం అటూ ఇటూ అయితే భక్తి పోయి నవ్వులాట అవుతుంది.

రంగం ముందు పెట్రోమాక్సు లైట్లు. వాటి వేడి, వాటి చుట్టూ పురుగులు. ముఖానికి అర్దళం, తలకు సవరం కట్టిన జడ, వంటి నిండా గిల్టు నగలు, నడుముకు వడ్డాణం. మైకులు వచ్చిందాకా చివరి వరసలో చాప వేసుకున్న మనిషికి కూడా గొంతు వినపడాలి. అందుకే పద్యం అంత ఎత్తున ఎత్తుకునేవాళ్ళు, అంతసేపు రాగం తీసేవాళ్ళు. ఇప్పటివాళ్ళకు ఆ రాగాలు సాగతీతగా అనిపిస్తాయి గానీ, అప్పుడది అవసరం కూడా. ఆడవేషానికి ఇంకో కష్టం. గొంతు గట్టిగా పెంచితే మగతనం బయటపడుతుంది, తగ్గిస్తే వెనక వరసకు వినపడదు. అంచేత గొంతుతో చేయలేనిది కంటితో, చేతితో, మెడ వంపుతో చేయాలి. స్థానం వారి అభినయం అంత సూక్ష్మంగా తయారవడానికి ఇదొక కారణం అయి ఉంటుందని నా ఊహ.

బెజవాడలో ఆడితే లెక్క వేరు. అది డెల్టాకు నడిబొడ్డు. నాలుగువైపుల నుంచి రైళ్ళు, కాలువలు కలిసే చోటు. గవర్నరుపేటలో దుర్గా కళామందిరం లాంటి హాళ్ళు వచ్చాక మంచి రంగస్థలం, టిక్కెట్టు కొనే జనం, మర్నాడు పొద్దున్న హోటళ్ళలో కాఫీ తాగుతూ నిన్నటి పద్యంలో ఏ అక్షరం జారిందో చెప్పేసే రసికులు. పల్లెలో మెప్పు పొందడం ఒక ఎత్తు, బెజవాడలో తప్పు పట్టించుకోకుండా బయటపడటం ఇంకో ఎత్తు.

తర్వాత్తర్వాత కాంట్రాక్టు నాటకాలు వచ్చాయి. ఒక కాంట్రాక్టరు ఒక్కో సమాజం నుంచి ఒక్కో పేరున్న నటుణ్ణి పిలిచి ఒక రాత్రికి కలిపి ఆడించేవాడు. కృష్ణుడుగా ఈలపాట రఘురామయ్య గారు వస్తున్నారంటే జనం తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చేవాళ్ళు. గుంటూరు జిల్లా సుద్దపల్లి ఆయనది. వేలు నోట్లో పెట్టుకుని ఈలతోనే రాగం ఆలపించేవారు. ఇటు కృష్ణుడికి ఒక వన్స్ మోర్, అటు సత్యభామకు ఒక వన్స్ మోర్. రిహార్సల్ లేకుండా, ఆ సాయంత్రమే రైలు దిగి, అప్పటికప్పుడు వేషం కట్టి ఆడాలి. ఎదుటివాడు ఎంతసేపు రాగం తీస్తాడో తెలియదు, ఎక్కడ ఆపుతాడో తెలియదు. అంతసేపూ సత్యభామ కృష్ణుడి ముఖం చూస్తూ ప్రేమో కోపమో చూపిస్తూనే ఉండాలి. బొమ్మలా నిలబడకూడదు. డబ్బు బాగా వచ్చినా ఈ కాంట్రాక్టు పద్ధతి నాటకాన్ని పాడుచేసిందని చాలామంది అంటారు. నేనూ ఆ మాటే అంటాను. పాటల పోటీ అయిపోయింది అది, కథ వెనక్కి పోయింది. కానీ ఆ గొడవలో కూడా పాత్ర వదలకుండా నిలబడినవాళ్ళనే జనం గుర్తుపెట్టుకున్నారు.

తెలుగువాళ్ళు ఎక్కడుంటే అక్కడికి నాటకం వెళ్ళింది. మద్రాసు సరే, బళ్ళారి సరే, సముద్రం దాటి బర్మా దాకా. రంగూన్‌లో అప్పట్లో మన తెలుగువాళ్ళు బోలెడుమంది ఉండేవాళ్ళు. ఓడరేవులో మూటలు మోసేవాళ్ళు, బియ్యం మిల్లుల్లో పనిచేసేవాళ్ళు, వ్యాపారస్తులు. 1938లో నరసింహారావు గారు రంగూన్ వెళితే అక్కడివాళ్ళు ఆయనకు బంగారు కిరీటం పెట్టారు. పొట్టకూటికి దేశం విడిచి వెళ్ళినవాళ్ళు సత్యభామను చూడగానే ఊరు చూసినంత సంబరపడి ఉంటారు. తక్కెడలో ఎన్ని నగలు పోసినా తూగని కృష్ణుడి కథ ఆడి వచ్చిన మనిషి తల మీద బంగారు కిరీటం. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు చిత్రంగా ఉంటుంది. ఆ మూడు నాలుగేళ్ళలోనే యుద్ధం వచ్చి రంగూన్ తెలుగువాళ్ళు కట్టుబట్టలతో వెనక్కి రావాల్సి వచ్చింది. అది వేరే కథ, కన్నీళ్ళ కథ.

అప్పటికే సినిమా వచ్చేసింది. 1931 తర్వాత టాకీలు మొదలయ్యాయి, నాటకాల హాళ్ళలో ఒక్కొక్కటిగా తెల్ల తెర కట్టారు. నటులు మద్రాసు రైలు ఎక్కారు. నరసింహారావు గారు కూడా వెళ్ళారు, రెండు సినిమాల్లో కనపడ్డారు. అందులో ఒకటి 1942లో వచ్చిన సత్యభామ. కానీ ఆ సినిమాలో సత్యభామ ఆయన కాదు, పుష్పవల్లి గారు. అంతే కదండీ. కెమెరా దగ్గరికి వచ్చి చూస్తుంది. ఆడవాళ్ళే నటించడానికి ముందుకు వస్తున్నప్పుడు మగవాడికి చీర కట్టడం ఎందుకు? న్యాయమైన ప్రశ్న. ఆడవాళ్ళు రంగం మీదికి రావడం మంచిదే, రావాల్సిందే. కానీ ఇరవై ఏళ్ళుగా ఊరూరా సత్యభామ అంటే తనే అనిపించుకున్న మనిషికి ఆ రోజు ఎట్లా ఉండి ఉంటుందో! పుణ్యక వ్రతంలో సత్యభామ ఇచ్చుకున్న దానం లాంటిదే ఇది కూడా అనిపిస్తుంది నాకు. ఆవిడ అయినా తెలిసి ఇచ్చింది.

ఆయన మళ్ళీ రంగస్థలానికే వచ్చేశారు. వయసు నలభై దాటింది, యాభై దాటింది. సత్యభామ వయసు మాత్రం పెరగదు. ఒళ్ళు బరువెక్కినా, ముఖం మీద గీతలు పడినా అర్దళం కింద దాచి, ఆ పదహారేళ్ళ టెక్కు చూపించాలి. ఆయన్ని ఆ వయసులో చూసినవాళ్ళు, వేషం కట్టుకుని రాగానే మొదట ఒక్క క్షణం పెద్దాయనే కనపడతాడని, పాట మొదలయ్యాక మటుకు సత్యభామ తప్ప ఇంకెవరూ కనపడరని చెప్పుకునేవారు. ముసలితనం పోయి పాత్ర మిగలడం అంటే మాటలు కాదు.

1956లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన సంవత్సరమే అది. ఆడవేషం కట్టినవాణ్ణి బజార్లో ఎగతాళి చేసే రోజుల్లో మొదలుపెట్టిన మనిషికి, ఆ ఆడవేషానికే ఢిల్లీలో పిలిచి గౌరవం చేశారు. ఆయన తర్వాత ఆకాశవాణి హైదరాబాదు కేంద్రంలో నాటకాలు చూసుకున్నారు. కళ్ళతోనూ చేతులతోనూ మాట్లాడిన మనిషి, ఏమీ కనపడని రేడియోలో పనిచేయడం! అక్కడ గొంతు ఒక్కటే. తన అనుభవాలన్నీ నటస్థానం అనే పుస్తకంలో రాసిపెట్టారు. నటన నేర్చుకోవాలనుకునే పిల్లలు దొరికితే తప్పకుండా చదవాల్సిన పుస్తకం.

1966లో శ్రీకృష్ణ తులాభారం సినిమాగా వచ్చింది. కృష్ణుడు ఎన్టీ రామారావు గారు, రుక్మిణి అంజలీదేవి గారు, సత్యభామ జమున గారు. జమున గారు పెరిగింది దుగ్గిరాలలో. తెనాలికి బెజవాడకి మధ్య రైలు ఆగే ఊరు అది. తులాభారం నాటకం పుట్టి పెరిగిన గాలిలోనే ఆవిడా పెరిగారన్నమాట. సంగీతం పెండ్యాల నాగేశ్వరరావు గారిది, ఆయనది కృష్ణా జిల్లా వణుకూరు. ఆ సినిమాలో మీరజాలగలడా పాటను సుశీలమ్మ పాడారు, మాటలు మాత్రం స్థానం వారివే. మగవాడు తన ఆడవేషం కోసం రాసుకున్న పాట అట్లా ఒక ఆడగొంతులోకి, ఒక ఆడమనిషి అభినయంలోకి చేరింది. అప్పటికి ఆయనకు అరవై నాలుగేళ్ళు. ఇవాళ పెళ్ళిపందిట్లో, స్కూలు వార్షికోత్సవంలో, నాట్యం నేర్చుకునే పిల్లలు ఆ పాటకు అభినయం పడుతుంటారు. దాని వెనక బాపట్ల ఆయన ఒకరున్నారని వాళ్ళలో ఎక్కువమందికి తెలియదు.

ఆయన 1971లో వెళ్ళిపోయారు. ఆ తర్వాత కూడా సత్యభామ వేషం మగవాళ్ళ చేతుల్లో కొన్నాళ్ళు బతికింది. బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి గారు ఆ దారిలోనే నడిచి పేరు తెచ్చుకున్నారు, ఆయనా ఇప్పుడు లేరు. తులాభారం రాత్రంతా ఆడే సమాజాలు తగ్గిపోయాయి. ఇప్పుడు తిరునాళ్ళలో ఎక్కడైనా పెడితే ఒక గంట తులాభారం సీను, ఒక గంట గయోపాఖ్యానం యుద్ధం సీను, ఒక గంట హరిశ్చంద్ర కాటిసీను, అట్లా ముక్కలుగా ఆడుతున్నారు. సత్యభామగా ఆడవాళ్ళే వస్తున్నారు, చక్కగా చేస్తున్నారు కూడా.

రెండేళ్ళ కిందట శ్రీరామనవమికి తెనాలి దగ్గర ఒక పల్లెలో పందిరి వేసి తులాభారం సీను పెడితే మేము వెళ్ళాం. రాముడి పందిట్లో కృష్ణుడి నాటకం, మన డెల్టాలో అదేమీ వింత కాదు. తక్కెడ ఇనుప గొట్టాలతో వెల్డింగు చేయించారు. కృష్ణుడు కాస్త లావుగా ఉన్నాడు, సిబ్బి కిర్రుమంది, పిల్లలు నవ్వారు. ఇంతలో హార్మోనియం ఆయన మీరజాలగలడా ఎత్తుకున్నాడు. సత్యభామ ఇంకా రంగం మీదికి రాలేదు. మా ముందు కూర్చున్న ముసలావిడ ఒకావిడ, ఎనభై దాటి ఉంటాయి, చేతికర్ర పక్కన పెట్టి, పమిట సర్దుకుని, మెడ కొంచెం పక్కకి వంచి తనలో తాను పాడుకోవడం మొదలుపెట్టింది. సత్యభామ వచ్చిందాకా మేమంతా ఆవిణ్ణే చూస్తూ కూర్చున్నాం.